ఆ బటన్ నొక్కిన వేలు ఎవరిది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కర్నూలు జిల్లా, పత్తికొండ దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయ్యాక రెండేళ్లు ఖాళీగా తిరిగి, ఇప్పుడు ఒక లోన్ కంపెనీలో ఫీల్డ్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఆడవాళ్ల గ్రూపులకు అప్పులిచ్చి వారం వారం కంతులు వసూలు చేయడం నా పని. ఏడాదిగా కంపెనీ ఒక కొత్త పద్ధతి తెచ్చింది. బాగా కట్టేవాళ్లకు ఫోన్‌లోనే 15 వేలు టాప్‌అప్ లోన్ ఇస్తారు. దానికి వాళ్ల ఫోన్‌లో యాప్ ఎక్కించి కాంటాక్టులు, మెసేజ్‌లు, లొకేషన్ అన్నిటికీ ‘అలౌ’ కొట్టాలి. అంతా ఇంగ్లీషులో ఉంటుంది. మా వాళ్లలో చదవగలిగేవాళ్లు తక్కువ. ఒక్కో కేసు పది నిమిషాల్లో అయిపోవాలని మా బ్రాంచ్ మేనేజర్ వెంటపడతాడు. అందుకని ఫోన్ నేనే తీసుకుని, అన్నీ నేనే నొక్కి, ఓటీపీ మాత్రం అడిగి కొట్టేస్తాను. ఇన్నాళ్లూ ఎవరూ ఏమీ అనలేదు.

పోయిన నెల ఒక అక్క రెండు కంతులు తప్పింది. బెంగళూరులో బేల్దారి పని చేసే ఆమె తమ్ముడికి మా ఆఫీసు నుంచి ఫోన్ పోయింది. అతను షూరిటీ కాదు, ఈ అప్పుతో అతనికి సంబంధమే లేదు. వాళ్లింట్లో పెద్ద గొడవ అయింది. ‘నా తమ్ముని నంబరు మీకెట్లా వచ్చిందప్పా?’ అని నన్నడిగింది. ‘తెలీదక్కా, ఆధార్‌లోంచి వచ్చింటుంది’ అని అబద్ధం చెప్పాను. వసూలుకు పోయినప్పుడు ఎన్నోసార్లు నాకు అన్నం పెట్టిన మనిషి ఆమె.

ఇంకొకటి. మా ట్యాబ్‌లో ఒక్కొక్కరి పేరు పక్కన, అప్పు ఇవ్వొచ్చా లేదా అని సిస్టమ్ వేసే స్కోరును బట్టి పచ్చ, పసుపు, ఎరుపు రంగులు వస్తాయి. ఐదేళ్లుగా ఒక్క కంతు తప్పని ఒకామెకు ఎరుపు వచ్చింది. ఎందుకని అడిగితే ‘సిస్టమ్ చెప్పింది, మనకెందుకు’ అన్నాడు మేనేజర్.

‘ఊర్లో ఎవరికి ఎంత అప్పుందో అందరికీ తెలుసు, ఇంక ప్రైవసీ ఏందిరా’ అని మా ఫ్రెండ్స్ నవ్వుతున్నారు. నేను చేసింది తప్పేనా? నా మీద కేసు అవుతుందా? ఉద్యోగం మానేయాలా? జీతం 18 వేలు. ఇల్లు దాని మీదే నడుస్తోంది.

— ఒక ఫీల్డ్ ఆఫీసర్, కర్నూలు జిల్లా

జవాబు: తమ్ముడూ, తప్పేనని నీకు ముందే తెలుసు. తెలియకపోతే ఆ అక్కకు ఆధార్ పేరు చెప్పి ఉండేవాడివి కాదు. కాబట్టి దాని మీద ఎక్కువసేపు కూర్చోను. నీ స్నేహితుల నవ్వు సంగతి మాత్రం ముందు చూడాలి, ఎందుకంటే మీ ఆఫీసులో జరిగేదంతా ఆ మాట మీదే నడుస్తోంది.

పల్లెలో అందరి సంగతులూ అందరికీ తెలుసన్నది నిజమే. నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేశాను, అందులో సగం మీ వైపు బ్రాంచీల్లోనే. బంగారం కుదవ పెట్టడానికి వచ్చే ఆడవాళ్లు పొద్దున్నే రారు. మధ్యాహ్నం రెండు దాటి, కౌంటర్ల దగ్గర జనం పల్చబడ్డాక వస్తారు. కమ్మలో, గొలుసో చేతిగుడ్డలో ముడివేసి కొంగు చాటున పెట్టుకుని ఉంటారు. ‘ఎంత కావాలమ్మా?’ అని బంగారానికి విలువ కట్టే అప్రైజర్ గట్టిగా అడిగితే నోటితో చెప్పరు, బల్ల మీద చేయి పెట్టి నాలుగు వేళ్లు చాపుతారు. నలభై వేలని మనమే అర్థం చేసుకోవాలి. ఆ అప్పు సంగతి ఆమె చెల్లెలికి తెలుసు, పక్కింటావిడకు తెలుసు. మరిదికి తెలియకూడదు, అంతే. ఎవరికి చెప్పాలి, ఎవరి దగ్గర దాచాలి అన్న లెక్క ఆమెకు పక్కాగా ఉంది. ప్రైవసీ అనే మాట ఆమె విని ఉండకపోవచ్చు, కానీ గుట్టు అంటే ఏమిటో నీకూ నాకూ పాఠం చెప్పగలదు. నీ అక్క కూడా తమ్ముడి దగ్గర దాచిందంటే ఆమె కారణం ఆమెకు ఉంటుంది. ఆ కారణం మీ కంపెనీకి అక్కర్లేదు.

నేనేదో ధర్మాత్మురాలినని ఇదంతా చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, బాకీ కట్టనివాళ్ల పేర్లు టైపు చేసి బ్రాంచి బయట నోటీసు బోర్డుకు అంటించమని పైనుంచి మాట వచ్చింది. టైపు చేసింది నేనే. మర్నాడు ఒక పెద్దాయన వచ్చాడు. చెనిక్కాయ పంట పోయిన రైతు. చదువు రాదు. అటెండర్‌ను పిలిచి, తన పేరు ఏ వరుసలో ఉందో వేలు పెట్టి చూపించమన్నాడు. అతను చూపించాడు. పెద్దాయన బోర్డుకు వీపు ఆనించి, సరిగ్గా ఆ వరుస తన తల వెనక్కి వచ్చేట్టు నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి, ఇంకొంచెం ఎత్తుగా చుట్టుకున్నాడు. నేను టీకి పోయేటప్పుడు చూశాను, తిరిగి వచ్చేటప్పుడు చూశాను, అక్కడే ఉన్నాడు. తలుపులు మూసేదాకా కదల్లేదు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. సాయంత్రం ఆ కాగితం నేనే చింపేశాను. వారం తర్వాత ఇంకో కాగితం అంటించారు. దాన్ని మాత్రం చింపలేదు. ఉద్యోగం కొత్త కదా, నీలాగే.

మా బోర్డు ఊరికి ఒక్కటే. దాని ముందు నిలబడి కప్పుకోవడానికి ఆయనకు వీలుంది. మీ యాప్ ఆ అక్క ఫోన్‌లోని మూడు నాలుగు వందల నంబర్లను మూటగట్టుకుని పోయింది. ఆమె ఎన్నింటి ముందని నిలబడుతుంది?

ఇప్పుడు రూల్స్ సంగతి. 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల వేధింపులు, ఆత్మహత్యల వార్తలు నీకూ గుర్తుండాలి. ఫోన్‌లోని వాళ్లందరికీ మెసేజ్‌లు పెట్టడం, ఫొటోలు మార్చి పంపడం. ఆ తర్వాత 2021 జనవరిలో రిజర్వ్ బ్యాంకు ఒక వర్కింగ్ గ్రూపును వేసింది. వాళ్లు యాప్ స్టోర్లు వెతికిస్తే అప్పులిచ్చే యాప్‌లు దాదాపు 1,100 బయటపడ్డాయి. అందులో 600 అక్రమమైనవే. దాని మీద 2022 సెప్టెంబర్‌లో డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాలు వచ్చాయి, 2025 మేలో వాటిని మరింత బిగించి ఆదేశాలుగా ఇచ్చారు. నీకు కావలసిన ముక్క అందులో చాలా సూటిగా ఉంది. అప్పులిచ్చే యాప్ ఫోన్‌లోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ లాగ్‌ల జోలికి పోకూడదు. కెమెరా, మైకు, లొకేషన్ లాంటివి కేవైసీ కోసం, అంటే మనిషి గుర్తింపు చూసుకోవడానికి, ఒక్కసారి, అదీ ఆమె స్పష్టంగా ఒప్పుకుంటేనే వాడాలి. అంటే, ‘కాంటాక్టులకు అలౌ కొట్టు’ అని నీకు నేర్పిన రోజే మీ కంపెనీ గీత దాటింది. ఆ అక్క తన చేత్తో తానే నొక్కి ఉన్నా అది ఒప్పు అయ్యేది కాదు.

‘కానీ సంతకంలాగా సమ్మతి ఉంది కదా’ అని మీ మేనేజర్ అంటాడు. 2023లో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. సమ్మతి అంటే స్వేచ్ఛగా, విషయం తెలిసి, ఫలానా పనికని విడిగా, సందేహం లేకుండా ఇచ్చేదని అందులో ఉంది. చట్టాల్లో చిన్న చిన్న కథల్లాంటి ఉదాహరణలు ఇస్తారు చూడు, ఈ చట్టంలో ఒక ఉదాహరణ అచ్చం నీ కేసే. ఒకామె ఫోన్‌లో వైద్యం చూసే యాప్ పెట్టుకుంది. వైద్యానికీ, కాంటాక్టుల జాబితా చూడటానికీ రెండింటికీ ఒప్పుకుంది. అయినా ఆ సమ్మతి వైద్యం వరకే చెల్లుతుంది, కాంటాక్టులతో వైద్యానికి పనిలేదు కాబట్టి, అని రాశారు. లోకంలో ఇన్ని ఉదాహరణలుండగా కాంటాక్టుల జాబితానే ఎందుకు ఎత్తుకున్నారో ఆలోచించు. ఇంకో మాట కూడా ఉంది. డేటా అడిగేవాళ్లు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులోగానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. అందులో మన తెలుగు ఉంది. ఈ చట్టం కింద నిబంధనలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీలు పాటించాల్సిన అసలు భాగానికి 18 నెలల గడువు ఇచ్చారు. అంతవరకూ ఆగుదామని మీవాళ్లు అనుకుంటే, రిజర్వ్ బ్యాంకు ఆదేశానికి ఆ గడువుతో సంబంధం లేదు.

మీ మామూలు గ్రూపు అప్పులకు వేరే పుస్తకం ఉంది, మైక్రోఫైనాన్స్, అంటే పేద కుటుంబాలకు ఇచ్చే చిన్న అప్పుల మీద 2022 మార్చిలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాలు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు తాకట్టు లేకుండా ఇచ్చే అప్పులన్నీ దాని కిందికే వస్తాయి. వసూలుకు పొద్దున 9 లోపు, సాయంత్రం 6 దాటాక ఫోన్ చేయకూడదు. చుట్టాలను, స్నేహితులను, తోటి పనివాళ్లను వేధించకూడదు. కంతు ఇద్దరూ అనుకున్న చోటే కట్టించుకోవాలి. వరుసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి పోవచ్చు. లోన్ కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి. 2010లో నువ్వు బడిపిల్లవాడివి. వసూళ్ల ఒత్తిడికి మన రాష్ట్రంలో ప్రాణాలు పోతున్నాయని గోల పుట్టి, ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కంపెనీల వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఈ రూల్స్ అన్నీ ఆ దెబ్బ తర్వాత ఒక్కొక్కటిగా పుట్టినవే. మీ ఏరియా మేనేజర్ ఆ వయసువాడైతే అడిగి చూడు, బాగా గుర్తుంటుంది.

ఇక ఆ ఎరుపు రంగు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు పుట్టించింది ఇదే. ఆమె ఎవరో నాకు తెలియదు. ఒక్కటి అడుగుతాను. సంక్రాంతి దాటాక ఇంటికి తాళం వేసి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు సుగ్గికి పోయే కుటుంబమా? అయితే నా ఊహ ఇది. మెసేజ్‌లు చదివే మెషిన్‌కు ఏం కనబడుతుంది? రెండు మూడు నెలలు ఫోన్ వేరే జిల్లాలో ఉంది. బ్యాంకులో డబ్బు పడిన మెసేజ్‌లు లేవు, ఎందుకంటే అక్కడ కూలి చేతికే ఇస్తారు, ఒక్కోసారి కాయల రూపంలోనే ఇస్తారు. రీచార్జ్ కూడా ఆలస్యమైంది. ‘ఈమె ఊరు విడిచి పోయే మనిషి, ఆదాయం లేదు’ అని దానికి తోచింది. ఏటా పోతారు, ఏటా వస్తారు, ఆ డబ్బుతోనే కంతులు కడతారు అని మీ ఊర్లో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. మెషిన్‌కు ఎవరూ చెప్పలేదు. పట్నంలో నెల జీతాలవాళ్ల లెక్కలతో దాన్ని పెంచి ఉంటారు.

‘సిస్టమ్ చెప్పింది’ అనేది జవాబు కాదు తమ్ముడూ. మా కాలంలో అప్పు ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో మేనేజర్ చెప్పాల్సిందే, ఆయన చెప్పే కారణం ఎంత అడ్డగోలుగా ఉన్నా. దాని మీద పోట్లాడటానికి కనీసం ఒక మనిషి ఉండేవాడు. ఆర్థిక రంగంలో ఏఐ వాడకం మీద రిజర్వ్ బ్యాంకు వేసిన కమిటీ, ప్రొఫెసర్ పుష్పక్ భట్టాచార్య అధ్యక్షుడు, 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఏడు సూత్రాలు పెట్టారు. అందులో ఒకటి న్యాయంగా ఉండాలని, ఇంకొకటి నిర్ణయం ఎందుకు తీసుకుందో అర్థమయ్యేట్టు ఉండాలని, మరొకటి బాధ్యత దాన్ని వాడిన సంస్థదేనని. ఇవి ఇంకా సిఫారసులే, వీటిని చూపించి నువ్వు కోర్టుకు పోలేవు. కానీ ఆమె తరఫున ఒక మెయిల్ పెట్టగలవు: ఫలానా సభ్యురాలు ఇన్నేళ్లుగా తప్పకుండా కడుతోంది, ఏటా ఈ నెలల్లో పనికి వలస పోతుంది, ఈ స్కోరును మనిషి ఒకసారి మళ్లీ చూడాలి అని. మీ ఆఫీసులో ఈ సంగతి తెలిసినవాడివి నువ్వొక్కడివే. నీకు జీతం ఇవ్వాల్సింది కూడా అందుకే, ‘అలౌ’ కొట్టడానికి కాదు.

కేసు అవుతుందా అన్నావు. యాప్ వెనక అప్పు ఇచ్చే సంస్థ ఏదైతే ఉందో, ఏజెంటు చేసినదానికి కూడా జవాబుదారీ దానిదే అని రిజర్వ్ బ్యాంకు రూల్. కాబట్టి మొదటి దెబ్బ నీకు తగలదు. అట్లాగని నిశ్చింతగా ఉండకు. సమ్మతి తీసుకున్నట్టు రికార్డు దాచాలని అదే రూల్‌లో ఉంది. రేపు ఎవరైనా తవ్వితే ఏ ఓటీపీ ఎన్ని గంటలకు పడింది, అప్పుడు నీ ట్యాబ్ ఎక్కడుంది అన్నీ బయటపడొచ్చు. పదిమంది ఆడవాళ్లు ఒకే అరుగు మీద, ఒకే గంటలో, ఇంగ్లీషు పేజీలన్నీ చదివి ఒప్పుకున్నారంటే ఎవరు నమ్ముతారు? ఆ రోజు ‘మా స్టాఫే సొంతంగా చేశాడు’ అని కంపెనీ అనదని నేను హామీ ఇవ్వలేను. నా అనుభవంలో అంటారు.

అందుకని ఉద్యోగం మానే ముందు చేయాల్సిన పనులున్నాయి. మొదట, రేపటి నుంచి ఎవరి ఫోనూ నీ చేతిలోకి తీసుకోకు. ఆమె ఫోన్ ఆమె చేతిలో ఉండాలి, నువ్వు చదివి చెప్పాలి. ఎంత ఇస్తున్నారు, చేతికి ఎంత వస్తుంది, ఫీజులన్నీ కలిపి ఏడాదికి వడ్డీ ఎంత పడుతుంది, కంతులు ఎన్ని, ఆలస్యమైతే ఎంత. ఇదంతా కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితంలో ఉంటుంది, ఉండి తీరాలి. మనసు మార్చుకుంటే వెనక్కి ఇచ్చేయడానికి కనీసం ఒక రోజు గడువుంటుందని, ఆ లోపల అసలు, అప్పటిదాకా అయిన ఖర్చు కడితే చాలు, జరిమానా లేదని కూడా చెప్పు. కాంటాక్టులు అడిగితే వద్దని నొక్కమను. వద్దంటే యాప్ ముందుకు కదలడం లేదా? మంచిది, అది నీకు సాక్ష్యం. ఒక్కో కేసుకు పది నిమిషాలు కాదు, అరగంట పడుతుంది. నీ ఇన్సెంటివ్ తగ్గుతుంది. తగ్గదని నీకు అబద్ధం చెప్పను.

రెండోది, మేనేజర్‌తో నోటిమాటగా కాకుండా మెయిల్‌లో పెట్టు. ‘యాప్ కాంటాక్టుల అనుమతి అడుగుతోంది, రిజర్వ్ బ్యాంకు ఆదేశాల ప్రకారం ఇది కుదరదని తెలిసింది, ఏం చేయమంటారు?’ అని మర్యాదగా, రెండు వాక్యాల్లో. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు కాపీ పెట్టు. ఆయన పేరు, నంబరు యాప్‌లోనే ఉండాలి. సాక్ష్యం కావాలని కస్టమర్ల పేర్లు, నంబర్లు ఉన్న స్క్రీన్‌షాట్లు నీ ఫోన్‌లోకి ఎక్కించుకోకు, నాకు కూడా పంపకు. అది ఇంకో తప్పు అవుతుంది. అనుమతి అడిగే ఖాళీ స్క్రీన్ ఒక్కటి చాలు. మీ యాప్ పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో పెట్టిన డిజిటల్ లోన్ యాప్‌ల జాబితాలో ఉందేమో కూడా చూసుకో. 2025 జూలై నుంచి ఆ జాబితా అందరికీ అందుబాటులో ఉంది. అయితే కంపెనీలు ఇచ్చిన వివరాలే అందులో ఉంటాయి, ఉన్నంత మాత్రాన మంచిదని ముద్ర వేసినట్టు కాదు. లేకపోతే మాత్రం జాగ్రత్త పడాల్సిందే. అసలు రిజిస్ట్రేషనే లేని కంపెనీ అయితే రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు.

మెయిల్‌కు జవాబుగా ‘నోరు మూసుకుని పని చేసుకో’ అని వస్తే, అప్పుడు వేరే పని వెతుక్కోవడం మొదలుపెట్టు. వెతుక్కుంటూ చేయి, దొరికాక మానేయి. ఆవేశంగా ట్యాబ్ బల్ల మీద పడేసి వస్తే మీ ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది, నీ చోట్లోకి వచ్చే కుర్రాడు అదే ‘అలౌ’ కొడతాడు.

చివరికి ఆ అక్క. గ్రూపులవాళ్లు కలిసే సెంటర్ మీటింగ్‌లో అందరి ముందు ఎత్తకు. ఇంటికి పో, కంతు అడగని రోజు చూసి. తమ్ముడి నంబరు ఆమె ఫోన్‌లోంచే పోయిందని, దానికి ఒప్పుకున్నట్టు నొక్కింది నువ్వేనని చెప్పు. సెట్టింగ్స్ తెరిపించి, యాప్ పేరు చూపించి, పర్మిషన్స్‌లో కాంటాక్టులు, మెసేజ్‌లు, లొకేషన్ ఒక్కొక్కటీ ఆమె వేలితోనే ఆపించు. ఇప్పటికే పోయిన నంబర్లు దానితో వెనక్కి రావు. వాటిని తుడిచేయమని కంపెనీకి రాయించు, అడిగే హక్కు ఆమెకు ఉంది. అదే కాగితంలో తమ్ముడికి ఫోన్ చేసిన తేదీ, టైమ్ కూడా రాయించు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు, 14448కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా సాయం చేస్తారు. బాకీ మాత్రం బాకీయే, అది పోతుందని ఆశ పెట్టకు.

తర్వాత, ఆమె ఒప్పుకుంటేనే, తమ్ముడికి ఫోన్ కలపమను. నువ్వే మాట్లాడు. అతను తిడతాడు, విను. నీకు ఈసారి అన్నం పెడుతుందో లేదో నేను చెప్పలేను. పెడితే తిని రా.